ఆఫీసులో డ్రమ్ సర్కిల్: గంటసేపు కలిసి వాయిస్తే టీమ్ అయిపోతామా?

ఈ వారం టాపిక్ మీలో చాలామంది అడిగిందే. "అన్నా, ఈసారి మా ఆఫ్‌సైట్‌లో డ్రమ్ సర్కిల్ అంట. రెండు వందల మందికి తలా ఒక డ్రమ్ ఇచ్చి వాయించమంటారంట. దీనివల్ల నిజంగా ఏమైనా ఉందా, లేక మార్చి లోపల బడ్జెట్ ఖర్చు పెట్టడానికేనా?" అని. ప్రశ్నలో వెటకారం ఉంది కానీ ప్రశ్న మాత్రం సీరియస్సే. ఎందుకంటే అప్రైజల్ బాలేదని మొహం మాడ్చుకున్నవాడు, పక్క టీమ్‌లో లేఆఫ్ అయిందని భయపడుతున్నవాడు, నిన్న రాత్రి రెండింటి దాకా ప్రొడక్షన్ ఇష్యూ చూసినవాడు, అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి "కొట్టండి, ఎంజాయ్ చేయండి" అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఐదేళ్ళు కోడ్ రాసి ఇటువైపు వచ్చినవాడిని కాబట్టి నాకు ముందు వచ్చే డౌట్ "ఇది ఎలా పనిచేస్తుంది?" అనేదే. "పనిచేస్తుందా లేదా?" అనేది ఆ తర్వాత. అదే ఆర్డర్‌లో వెళ్దాం.

ముందు సెషన్ ఎలా నడుస్తుందో చెప్తాను, చూడనివాళ్ళ కోసం. హాల్లోకి వెళ్ళేసరికి కుర్చీలు గుండ్రంగా వేసి ఉంటాయి. ప్రతి కుర్చీ ముందు ఒక జెంబే ఉంటుంది. జెంబే అంటే పైన వెడల్పు, కింద సన్నం, గాజు గోబ్లెట్ ఆకారంలో ఉండే పశ్చిమ ఆఫ్రికా డ్రమ్. మాలి, గినీ దేశాల మాండే జనాలది. ఒకే చెక్కని తొలిచి, పైన మేక తోలు బిగిస్తారు. అరచేత్తో మధ్యలో కొడితే లోతైన బేస్ వస్తుంది, అంచు దగ్గర వేళ్ళు కలిపి కొడితే టోన్, అదే అంచు మీద వేళ్ళు వదులుగా పెట్టి చెళ్ళున కొడితే స్లాప్. ఈ మూడు శబ్దాలే. మిగతాదంతా వాటిని ఏ వరసలో, ఎప్పుడు వేస్తాం అనేదే.

మంచి ఫెసిలిటేటర్ అయితే వచ్చి స్పీచ్ ఇవ్వడు. మాట్లాడకుండానే మొదలుపెడతాడు. ఒక సింపుల్ బీట్, గుండె చప్పుడు లాంటిది. చూస్తూ చూస్తూ అందరూ అందుకుంటారు. తర్వాత తను ఒకటి కొడితే మనం తిరిగి కొట్టాలి. మన భజనలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు చూడండి, అదే లెక్క. ఆ తర్వాత చేత్తో సగం హాల్‌ని ఆపేసి మిగతా సగాన్ని వాయించమంటాడు. చేతులు గాల్లో వణికిస్తే అందరూ దడదడలాడించాలి, దాన్ని రంబుల్ అంటారు. గట్టిగా కత్తిరించినట్టు చెయ్యి ఊపితే అందరూ ఒకేసారి ఆగిపోవాలి. రెండు వందల మంది ఒక్కసారిగా ఆగినప్పుడు వచ్చే ఆ నిశ్శబ్దం ఉంది చూశారా, నన్నడిగితే సెషన్ మొత్తంలో బెస్ట్ పార్ట్ అదే. హాల్లో ఒక్కసారిగా నవ్వులు వస్తాయి. ఎవరూ జోక్ వేయలేదు, కానీ నవ్వొస్తుంది.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందంటే, కథ కొంచెం పెద్దదే కానీ షార్ట్‌గా చెప్తాను. నైజీరియా నుంచి 1950లో చదువుకోవడానికి అమెరికా వెళ్ళిన బాబాతుండే ఒలాటుంజి అనే ఆయన 'డ్రమ్స్ ఆఫ్ ప్యాషన్' అనే ఆల్బమ్‌తో అమెరికన్లకి ఆఫ్రికన్ డ్రమ్ రుచి చూపించాడు. కాలిఫోర్నియాలో హిప్పీ కాలం నుంచి పార్కుల్లో, బీచుల్లో కూడి వాయించుకోవడం మొదలైంది. గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్ డ్రమ్మర్ మిక్కీ హార్ట్ 1991లో ఏకంగా అమెరికా సెనేట్ కమిటీ ముందుకెళ్ళి, వయసు మళ్ళిన వాళ్ళకి డ్రమ్మింగ్ మంచిదని వాదించాడు. శాంటా క్రూజ్‌లో ఆర్థర్ హల్ అనే ఆయన, సంగీతం రానివాళ్ళతో గుంపుగా వాయింపించడాన్ని ఒక పద్ధతిగా తయారుచేసి, ఫెసిలిటేటర్లకి ట్రైనింగ్ ఇవ్వడం మొదలుపెట్టాడు. ఇందాక నేను చెప్పిన చేతి సైగలు చాలావరకు ఆ స్కూల్ నుంచి వచ్చినవే. అటు దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ముగిశాక డ్రమ్ కేఫ్ లాంటి సంస్థలు దీన్ని కంపెనీ ఈవెంట్ల వైపు తీసుకెళ్ళాయి. అక్కడి నుంచి బెంగళూరు, పుణె, మన గచ్చిబౌలి రిసార్టుల దాకా వచ్చేసింది.

ఇప్పుడు నాకిష్టమైన భాగం. రెండు వందల మంది ట్రైనింగ్ లేనివాళ్ళు, సగంమందికి తాళం అంటే తలుపుకి వేసేదే తెలుసు. అలాంటివాళ్ళు రెండు నిమిషాల్లో ఒకే బీట్‌లోకి ఎలా వస్తారు?

1665లో హాలండ్ సైంటిస్ట్ హైగెన్స్ ఒంట్లో బాగోలేక ఉన్నప్పుడు ఒకటి గమనించాడు. ఒకే దూలానికి వేలాడదీసిన రెండు లోలకం గడియారాలు, ఎలా మొదలుపెట్టినా, కాసేపటికి ఒకే లయలోకి వస్తున్నాయి. ఒకటి ఎడమకెళ్తే ఇంకోటి కుడికి, పక్కాగా. ఎవరూ సెట్ చేయలేదు. దూలం ద్వారా ఒకదాని చిన్న కుదుపు ఇంకోదానికి చేరి, రెండూ ఒకదాన్నొకటి సర్దుకుంటున్నాయి. బీటెక్‌లో కపుల్డ్ ఆసిలేటర్స్ చదివారు కదా, పరీక్ష రాసి మర్చిపోయారు కదా, అదే. మనుషులు కూడా అంతే. పక్కవాడి దెబ్బ వినపడగానే మన తర్వాతి దెబ్బని కొంచెం ముందుకో వెనక్కో మనకి తెలియకుండానే జరుపుకుంటాం.

దీనికి భలే ఉదాహరణ చప్పట్లు. 2000లో నేచర్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది. తూర్పు యూరప్ థియేటర్లలో ప్రేక్షకుల చప్పట్లు రికార్డ్ చేసి చూశారు. ముందు అందరూ ఇష్టమొచ్చినట్టు వేగంగా కొడతారు. తర్వాత హఠాత్తుగా అందరూ ఒకే తాళంలోకి వస్తారు. ఎలా అంటే, ప్రతి ఒక్కరూ తమ వేగాన్ని దాదాపు సగానికి తగ్గిస్తారు. వేగంగా కొట్టేటప్పుడు మనిషికీ మనిషికీ తేడా ఎక్కువ, నెమ్మదిగా కొట్టేటప్పుడు తేడా తక్కువ, అందుకే కలుస్తారు. కానీ నెమ్మదిగా కొడితే మోత తగ్గుతుంది. మోత పెంచుదామని మళ్ళీ వేగం పెంచుతారు, తాళం చెదిరిపోతుంది. ఫెసిలిటేటర్ గుండె చప్పుడు లాంటి నెమ్మది బీట్‌తో ఎందుకు మొదలుపెడతాడో ఇప్పుడు అర్థమైంది కదా? గుంపుకి వదిలేస్తే వేగం పెంచుకుంటూ పోతారు. ఆయన పనిలో సగం ఆ పరుగుని ఆపడమే.

ఇంకో చిన్న లెక్క చూద్దాం, పెన్ను పేపర్ తీసుకోండి. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. హాల్ పొడవు 30 మీటర్లు అనుకుందాం. ముందు కొట్టిన దెబ్బ వెనక వరసకి చేరేసరికి 87 మిల్లీసెకన్లు. వెనకవాళ్ళు అది విని కొడితే, ఆ శబ్దం ముందుకి తిరిగొచ్చేసరికి 175. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఒక బీట్ అంటే 500 మిల్లీసెకన్లు. అంటే ముందువాళ్ళకి వెనకవాళ్ళు బీట్‌లో మూడో వంతు లేటుగా వినిపిస్తారు. ముందువాళ్ళు వాళ్ళ కోసం ఆగుతారు, దాంతో వెనకవాళ్ళు ఇంకా లేటవుతారు, మొత్తం సాగిపోతుంది. కలిసి వాయించేవాళ్ళ మధ్య ఆలస్యం సుమారు 25, 30 మిల్లీసెకన్లు దాటితే ఇబ్బంది మొదలవుతుందని అంటారు.

అందుకే అది సర్కిల్. అందానికి కాదు. కుర్చీకి 70 సెంటీమీటర్లు ఇచ్చి, మధ్యలో 3 మీటర్లు ఖాళీ వదిలి, మీటరుకొక వలయం వేసుకుంటూ పోతే ఐదు వలయాల్లో సుమారు 220 మంది పడతారు. మధ్యలో నిలబడ్డవాడి నుంచి చివరి వలయం 7 మీటర్లు, అంటే 20 మిల్లీసెకన్లు. ఫర్వాలేదు, లిమిట్ లోపలే. అదే రెండు వందల మందిని థియేటర్ లాగ వరసల్లో కూర్చోబెట్టి స్టేజీ మీద నుంచి వాయింపించే ఈవెంట్ మేనేజర్లు ఉన్నారు. ఫోటోలు బాగొస్తాయి, తాళం రాదు. వెయ్యి మంది ఉన్నప్పుడు వేరే దారి లేదు, అప్పుడు చెవిని కాకుండా కంటిని నమ్మాలి. పెద్ద సైగలు, పెద్ద స్క్రీన్. కరోనా టైమ్‌లో వీడియో కాల్ మీద డ్రమ్ సెషన్లు పెట్టారు గుర్తుందా? అక్కడ నెట్ ఆలస్యం వంద మిల్లీసెకన్లు ఈజీగా దాటుతుంది కాబట్టి అందరినీ మ్యూట్‌లో పెట్టి వాయించమన్నారు. ఎవడి డబ్బా వాడు కొట్టుకోవడమే. ఆ టైమ్‌కి అదే దక్కింది, తప్పుపట్టను. కానీ అది కలిసి వాయించడం కాదు.

సరే, కలిసి వాయించారు. దానివల్ల టీమ్ బాగుపడుతుందా?

2009లో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన విల్టర్‌మత్, హీత్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఈ విషయంలో బాగా చెప్పుకునేది. ముగ్గురు ముగ్గురిని గ్రూపులు చేసి, కొన్ని గ్రూపుల్ని అడుగులో అడుగేస్తూ క్యాంపస్ అంతా నడిపించారు, మిగతావాళ్ళని మామూలుగా నడిపించారు. తర్వాత ఒక ఆట పెట్టారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా తలా ఒక నంబర్ ఎంచుకోవాలి. గ్రూప్‌లో అందరికంటే తక్కువ నంబర్ ఏదో దాన్ని బట్టే అందరికీ డబ్బులు. అందరూ పెద్ద నంబర్ వేస్తే అందరికీ లాభం, కానీ పక్కవాడు చిన్నది వేస్తే పెద్దది వేసినవాడు మునుగుతాడు. మన రిలీజ్ డేట్ లాంటిదే కదా, అందరికంటే లేటుగా ఇచ్చేవాడి మాడ్యూలే డేట్ డిసైడ్ చేస్తుంది. అడుగు కలిపి నడిచినవాళ్ళు పక్కవాళ్ళని నమ్మి ఎక్కువ నంబర్లు వేశారు. ఇందులో డ్రమ్ లేదు, సంతోషంగా ఉండాలన్న రూల్ కూడా లేదు. ఒకే టైమింగ్‌లో కదిలితే చాలు, కాస్త నమ్మకం వస్తోంది.

ఇది నేను నమ్ముతాను. నమ్మనిది ఏంటంటే, బ్రోషర్‌లో దీని మీద కట్టే మేడ. "ఇమ్యూనిటీ పెరుగుతుందని సైన్స్ ప్రూవ్ చేసింది" అంటారు చూడండి, అది 2001లో బారీ బిట్‌మన్ అనే డాక్టర్ టీమ్ చేసిన స్టడీ. 111 మంది మీద చేశారు. రక్తంలో న్యాచురల్ కిల్లర్ కణాల యాక్టివిటీ పెరిగింది, నిజమే. కానీ వాళ్ళు రకరకాల డ్రమ్మింగ్ పద్ధతులు ట్రై చేస్తే, అన్నింటికీ ఆ ఫలితం రాలేదు. కొన్ని అంశాలు కలిపి తయారుచేసిన ఒక మిశ్రమ పద్ధతికే వచ్చింది. తర్వాత అలాంటి పద్ధతినే ప్రోగ్రామ్‌గా ముందుకు తీసుకెళ్ళింది డ్రమ్ములు తయారుచేసే రీమో కంపెనీ. అందులో మోసం ఉందని అనట్లేదు, కానీ ఎవరు ఏం అమ్ముతున్నారో తెలుసుకుని చదవాలి. అదే డాక్టర్ 2003లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేసే 112 మంది ఉద్యోగులతో ఇంకో స్టడీ చేశాడు, పని అలసట, మూడ్ మెరుగయ్యాయని వచ్చింది. అక్కడ పెట్టింది 6 సెషన్లు. ఏడాదికోసారి రిసార్ట్‌లో లంచ్‌కి ముందు గంట కాదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. గంట సెషన్ ఒక తలుపు తీస్తుంది, అది కాసేపే తెరిచి ఉంటుంది. ఎప్పుడూ మాట్లాడని టెస్టింగ్ అమ్మాయి, ఆర్కిటెక్ట్ గారు ఆ రోజు లంచ్‌లో ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటారు. అది చిన్న విషయం కాదు. కానీ మేనేజర్ మీటింగ్‌లో నోరు తెరవనివ్వకపోవడం, ముగ్గురి పని ఒకరికి అంటగట్టడం, వీటికి డ్రమ్ మందు కాదు. నేను పనిచేసిన ఒక కంపెనీలో శుక్రవారం డ్రమ్ సర్కిల్ పెట్టి, సోమవారం కొందరిని బెంచ్ మీదకి పంపారు. ఆ తర్వాత ఏడాది పాటు ఆఫీసులో ఎవరైనా "ఈ వారం ఫన్ యాక్టివిటీ ఉంది" అంటే జనం ముందు రెజ్యూమే అప్‌డేట్ చేసుకునేవారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకెళ్ళలేను. పశ్చిమ ఆఫ్రికా డ్రమ్ తెచ్చుకున్నాం, సంతోషం. అది గొప్ప వాయిద్యం. కానీ మన హైదరాబాద్‌లోనే ఏసీ గార్డ్స్ ఉంది. ఆ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం దగ్గర పనిచేసిన సిద్దీల వారసులు అక్కడ తరతరాలుగా ఉన్నారు. వాళ్ళ మర్ఫా, పెళ్ళి బరాత్‌లో మనమంతా ఊగిపోయే తీన్‌మార్ దరువు, ఈ ఊరి సొంతం. ఇక డప్పు. మేక తోలు, చెక్క చట్రం, ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల. వాయించే ముందు మంట దగ్గర కాచి తోలు బిగువెక్కిస్తారు. తేమకి తోలు వదులవుతుంది కాబట్టి ఆ కాపడం. అద్దె జెంబేలకి వానాకాలంలో ప్లాస్టిక్ తోళ్ళు ఎందుకు వేస్తారో దానికీ ఇదే కారణం. బృందం అంతా గుండ్రంగా తిరుగుతూ, అడుగు, దెబ్బ కలుపుతూ, మధ్యమధ్యలో దరువు మారుస్తూ వాయిస్తుంటే, టీమ్ కోఆర్డినేషన్ మీద పవర్ పాయింట్ అక్కర్లేదు.

మరి ఆఫీస్ ఈవెంట్లలో డప్పు ఎక్కడుంటుంది? గేట్ దగ్గర. విదేశీ క్లయింట్ కారు దిగగానే పది నిమిషాలు వాయించి, ఎండలో నిలబడి, పక్కకి తప్పుకోవాలి. లోపల ఏసీ హాల్లో "రిథమ్ ఫెసిలిటేటర్"కి వేరే రేటు, వేరే మర్యాద. దీని వెనక కులం ఉంది, చెప్పేస్తున్నాను. డప్పు మాదిగల చేతుల్లో పెరిగిన కళ. ఊళ్ళో చాటింపుకీ, చావుకీ వాళ్ళతో వెట్టిగా వాయింపించుకున్న చరిత్ర ఉంది. అందుకే కొన్ని చోట్ల ఆత్మగౌరవం కోసం డప్పు వదిలేసినవాళ్ళు ఉన్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం, ఆ తర్వాత తెలంగాణ ఉద్యమం, అదే డప్పుని తలెత్తుకుని వీధిలోకి తెచ్చాయి. కాబట్టి మీ ఆఫీసులో డప్పు వర్క్‌షాప్ పెడతామంటే నేను చప్పట్లు కొడతాను, కానీ పద్ధతిగా పెట్టండి. కళాకారులనే గురువులుగా మధ్యలో నిలబెట్టండి, జెంబే ఆయనకి ఇచ్చే రేటే ఇవ్వండి, భోజనం అందరితో కలిపి పెట్టండి. "ఇదేంట్రా చావు డప్పు" అని వెనక నుంచి ఒకడు జోకేస్తాడు, తప్పకుండా వేస్తాడు. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో వాళ్ళ తాత ఆ డప్పు వాయించినవాడు ఉండొచ్చు, ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పుకోకుండా ఉండొచ్చు. ఆ జోక్ దగ్గర మేనేజర్ ఏం చేస్తాడు అనేదే ఆ రోజుకి అసలు టీమ్ బిల్డింగ్.

బతుకమ్మ గురించి కూడా ఒక్క మాట. ఐటీ కంపెనీల్లో ప్రతి ఏడూ ఆడుతున్నారు కదా. గుండ్రంగా తిరగడం, చప్పట్లు, అడుగు, ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకోవడం. డ్రమ్ సర్కిల్‌లో ఉన్నవన్నీ అందులో ఉన్నాయి, ఫెసిలిటేటర్ ఫీజు తప్ప. కోలాటం అయితే ఇంకా మేలు, తాళం తప్పితే వేళ్ళ మీద దెబ్బ పడుతుంది, ఫీడ్‌బ్యాక్ కోసం క్వార్టర్ ఎండింగ్ దాకా ఆగక్కర్లేదు.

చివరగా, మీ ఆఫీసులో ఇది ప్లాన్ చేసేది మీరే అయితే, కొన్ని పనికొచ్చే విషయాలు. మోత సంగతి ముందు చూడండి. అమెరికాలో పని చోట శబ్దానికి సిఫార్సు చేసిన పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం అవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. మూసిన హాల్లో రెండు వందల జెంబేలు వాయిస్తే ఆ రేంజ్‌కి చేరడం కష్టమేమీ కాదు. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి చూడండి, పది రూపాయల ఇయర్ ప్లగ్స్ ఒక డబ్బా తలుపు దగ్గర పెట్టండి. వీలైతే లాన్‌లో పెట్టండి. ఉంగరాలు, వాచీలు తీయించండి, వేలికీ దెబ్బే, తోలుకీ దెబ్బే. పొద్దస్తమానం కీబోర్డ్ మీద ఉండే మన మణికట్లు ముందే సగం అరిగిపోయి ఉంటాయి కాబట్టి షేకర్లు, గంటలు, రంగురంగుల బూమ్‌వ్యాకర్ గొట్టాలు కూడా కొన్ని పెట్టమనండి. మైగ్రేన్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఊరికే ఇష్టం లేనివాళ్ళు, వీళ్ళు కారణం చెప్పకుండా బయట కూర్చునే వీలుండాలి. "ఏంటి, టీమ్ ప్లేయర్ కాదా?" అని ఎవరైనా అన్నారంటే ఆ సెషన్ అక్కడితో చెడిపోయినట్టే. పెద్ద బాస్ గారిని కూడా వలయంలోనే కూర్చోబెట్టండి, మైక్ మాత్రం ఇవ్వకండి. ఇస్తే వదలరు.

సెషన్ అయిన వెంటనే భోజనం పెట్టండి. రెవెన్యూ స్లైడ్లు సాయంత్రం చూపించుకోవచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో ఓపెన్ ఆఫీసుల్లో శబ్దం గురించి మాట్లాడుకుందాం, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పొగరు అనుకునే మేనేజర్ల గురించి కూడా. ఉంటాను అండి.